పాత పిల్లల పుస్తకం కొనేముందు సరైన ధర తేల్చుకోవడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చిన్నప్పుడు చదువుకున్న బొమ్మల పుస్తకాలు మళ్లీ సంపాదించుకుందామని ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెట్టారు. 1950ల నాటి ఒక పుస్తకానికి మూడు లిస్టింగులు దొరికాయి. ఒకటి లైబ్రరీ ముద్రలున్న చవక కాపీ. రెండోది జాకెట్‌తో, అంటే అట్ట మీద తొడిగే విడి కాగితపు కవర్‌తో ఉంది, ధర మొదటిదానికి ఆరు రెట్లు. మూడోదానికి ఫొటోలు కూడా సరిగా లేవు గానీ "అరుదైన ఫస్ట్ ఎడిషన్" (అంటే మొదటి ముద్రణ) అని రాసి ముప్ఫై రెట్లు అడుగుతున్నారు. ఇందులో ఏది న్యాయమైన ధర, అసలు ఎలా తెలుస్తుంది అని.

సూటిగా చెప్తాను. అదే ముద్రణ, దాదాపు అదే కండిషన్‌లో ఉన్న కాపీలు ఈ మధ్య నిజంగా ఎంతకి అమ్ముడుపోయాయో అదే సరైన ధర. అలాంటి అమ్మకాలు మూడు నాలుగు దొరికితే చాలు, పోస్టేజీ కలుపుకుని వాటి మధ్యలో ఎక్కడో మీ ధర ఉంటుంది. సైట్‌లో ఇప్పుడు కనిపిస్తున్నవి అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు, అవి సాక్ష్యం కాదు. నేను ఇరవై ఏళ్ల నుంచి ఈ పుస్తకాలే కొంటున్నాను, రెండో కాపీ చేరితే అమ్ముతుంటాను కూడా. ఇప్పటికీ పుస్తకం పేరు విని ధర చెప్పమంటే చెప్పలేను. కాపీ చూడాలి, పాత అమ్మకాలు చూడాలి, అప్పుడే నోరు విప్పుతాను.

ముందు అడిగే ధరల సంగతి చూద్దాం, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఒక పుస్తకం వెతికితే పది కాపీలు కనిపిస్తాయి, పదీ ఖరీదైనవే, దాంతో ఓహో దీని రేటు ఇంతన్నమాట అనుకుంటాం. కానీ సరసమైన ధరకి పెట్టిన కాపీ వారంలోపే ఎవరో ఒకరు కొనేసి ఉంటారు కదా, అది మీకు కనిపించదు. కనిపిస్తున్నవి ఎవరూ కొనకుండా మిగిలిపోయినవి. నేను గమనిస్తున్న ఒక లిస్టింగ్ ఏడేళ్లుగా అదే ధరతో అలాగే ఉంది. ఈలోగా అంతకంటే మంచి కాపీలు ఆరు, దానిలో నాలుగో వంతు ధరకి నా కళ్లముందే అమ్ముడుపోయాయి.

దీనికి తోడు చాలా ధరలు మనుషులు పెట్టేవి కూడా కావు. 2011లో అమెజాన్‌లో ఈగల మీద రాసిన ఒక జీవశాస్త్ర పుస్తకం ధర 2 కోట్ల 30 లక్షల డాలర్లు దాటింది. ఇద్దరు సెల్లర్లు ధర నిర్ణయించే పని సాఫ్ట్‌వేర్‌కి వదిలేశారు. ఒకరిది అవతలి ధరకి 0.9983 రెట్లు పెట్టేది, రెండోవారిది అవతలి ధరకి 1.27 రెట్లు పెట్టేది, అలా ఒకదాన్ని చూసి ఇంకోటి రోజూ పెరుగుతూ పోయింది. రెండో సెల్లర్ దగ్గర అసలు పుస్తకమే లేకపోవచ్చని, ఆర్డర్ వస్తే మొదటివాళ్ల దగ్గర కొని పంపుదామన్న లెక్క కావచ్చని ఆ వ్యవహారాన్ని బయటపెట్టిన శాస్త్రవేత్త అనుకున్నారు. పిల్లల పుస్తకాల్లోనూ ఇలాంటి లిస్టింగులు కుప్పలుగా ఉన్నాయి. గుర్తు ఏమిటంటే ఆ కాపీ ఫొటో ఉండదు, వివరణ ఏ పుస్తకానికైనా అతికేలా ఉంటుంది, "చిన్న చిన్న గీతలు, మడతలు ఉండవచ్చు" అని. ఉండవచ్చు అన్నారంటే వాళ్లు ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకోలేదని అర్థం.

అడిగే ధరల్లో పనికొచ్చేది ఒక్కటే, వాటిలో అతి తక్కువది. అదే ముద్రణ, అదే కండిషన్ కాపీ ఇంకోచోట 40కి దొరుకుతుంటే మీరు 60 పెట్టక్కర్లేదు. అబేబుక్స్, బిబ్లియో, వయాలిబ్రి లాంటి పాత పుస్తకాల సైట్లలో నేను చూసేది ఇందుకే, ఇంకా ఎన్ని కాపీలు బయట ఉన్నాయో తెలుసుకోవడానికి. ముప్ఫై కాపీలు కనిపిస్తుంటే "అరుదైన" అన్న మాట పక్కన పెట్టేయొచ్చు. కాకపోతే ఒకే సెల్లర్ ఒకే కాపీని నాలుగు సైట్లలో పెడతారు, లెక్కపెట్టేటప్పుడు అది గుర్తుంచుకోండి.

మరి అమ్ముడైన ధరలు ఎక్కడ చూడాలి? అందరికీ అందుబాటులో ఉన్నది ఆన్‌లైన్‌లో అమ్మకాలు, వేలాలు జరిగే ఈబేలో "సోల్డ్ ఐటమ్స్" ఫిల్టర్. దాదాపు మూడు నెలల అమ్మకాలు చూపిస్తుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. "బెస్ట్ ఆఫర్ యాక్సెప్టెడ్" అని ఉండి ధర మీద గీత కొట్టి ఉంటే ఆ ధర నిజం కాదు, అంతకంటే తక్కువకే తెగింది. రెండోది, ఒకే ఒక్క అమ్మకం చూసి నిర్ణయానికి రావద్దు. వేలంలో ఇద్దరు పంతానికి పోతే ధర ఆకాశానికి పోతుంది, మరుసటి నెల అదే పుస్తకం మూడో వంతుకి పోతుంది. ఖరీదైన పుస్తకాలైతే హెరిటేజ్ లాంటి వేలం సంస్థల పాత ఫలితాలు చూడొచ్చు, కానీ ఆ ధరలో కొన్నవాళ్లు కట్టే అదనపు కమీషన్ కలిసి ఉందో లేదో గమనించాలి, అది 20 శాతం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. నేనైతే ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. నాకు కావలసిన పుస్తకం ఎక్కడ అమ్ముడైనా తేదీ, ధర, కాపీ ఎలా ఉందో రెండు మాటలు రాసుకుంటాను. మూడు నెలల్లో మాయమైపోయే సమాచారం నా దగ్గర పన్నెండేళ్లది ఉంది, నా దగ్గరున్న పుస్తకాలన్నిటికంటే అదే నాకు ఎక్కువ డబ్బు మిగిల్చింది.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం, అదే ముద్రణ అవునా కాదా అన్నది.

కాపీరైట్ సంవత్సరం (పుస్తకం మొదట వచ్చిన సంవత్సరం) మీ చేతిలోని కాపీ ముద్రణ సంవత్సరం కాదు. ఈ ఒక్క విషయం తెలియక పోయిన డబ్బు ఇంకెందులోనూ పోలేదేమో. ఇంగ్లండ్ రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ తన పీటర్ రాబిట్ అనే కుందేలు కథని ముందు 1901 డిసెంబరులో సొంత ఖర్చుతో 250 కాపీలు వేయించుకున్నారు, తర్వాత 1902లో ఫ్రెడరిక్ వార్న్ సంస్థ ప్రచురించింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అది మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉంది, వాటిలో చాలావాటి మీద ముద్రణ సంవత్సరమే లేదు. పాతగా కనిపించే ఏ కాపీనైనా "1902" అని పెట్టి అమ్ముతుంటారు. అందరూ మోసం చేయాలనే కాదు, చాలామందికి నిజంగానే తెలియదు.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఒక సిరీస్‌లో మొదటి పుస్తకం, ఫస్ట్ ఎడిషన్ అని ఉంటే కొన్నాను. కాపీరైట్ పేజీ ఫొటో చూశాను, సంవత్సరం సరిపోయింది, ఇంకేం చూడలేదు. వచ్చాక జాకెట్ వెనక్కి తిప్పితే అక్కడ ఆ సిరీస్ పుస్తకాల జాబితా ఉంది. చివరి పేరు మొదటి పుస్తకం వచ్చిన పదకొండేళ్లకి గానీ రాలేదు. అంటే నా చేతిలో ఉన్నది కనీసం పదకొండేళ్ల తర్వాత అచ్చయినది. సెల్లర్ డబ్బు వెనక్కి ఇవ్వలేదు, కాపీరైట్ పేజీలో ఉన్నదే రాశానన్నారు. అప్పటినుంచి ఏ సిరీస్ పుస్తకమైనా ముందు చూసేది వెనక జాబితానే. అందులో చివరి పేరు ఏదో చూస్తే పుస్తకం వయసు చాలావరకు తెలిసిపోతుంది.

ఇలాంటి చిన్న చిన్న గుర్తులు ఇంకా ఉన్నాయి. 1960ల చివరికి ముందు ఐఎస్‌బీఎన్ తరహా (పుస్తకాన్ని గుర్తించే) నంబరే లేదు, కాబట్టి 1950ల పుస్తకం అని చెప్పి అట్ట మీద ఆ నంబర్ ఉంటే అది తర్వాతి ముద్రణ. ప్రచురణకర్త అమెరికా చిరునామాలో జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉంటే 1963కి ముందుది కాదు. జాకెట్ మీద ఏదైనా అవార్డు ప్రస్తావన ఉంటే ఆ అవార్డు వచ్చాక అచ్చయిన జాకెట్ అని అర్థం. మారిస్ సెండాక్ "వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్" 1963లో వచ్చింది, దానికి కాల్డెకాట్ మెడల్ (అమెరికాలో బొమ్మల పుస్తకాలకిచ్చే అవార్డు) 1964లో వచ్చింది, అందుకని మెడల్ మాట అచ్చయిన జాకెట్ మొదటి ముద్రణది అయ్యే అవకాశం లేదు. కాస్త కొత్త పుస్తకాల్లో కాపీరైట్ పేజీ అడుగున 10 9 8 7 6 5 4 3 2 1 అని అంకెల వరుస ఉంటుంది, అందులో అన్నిటికంటే చిన్న అంకె ఎన్నో ముద్రణో చెప్తుంది. దీనికీ మినహాయింపులున్నాయి. ర్యాండమ్ హౌస్ చాలాకాలం మొదటి ముద్రణకి "ఫస్ట్ ఎడిషన్" అని రాసి, వరుసని 2తో మొదలుపెట్టేది. ఒక్కో ప్రచురణకర్తది ఒక్కో పద్ధతి. మీరు ఎక్కువగా కొనే రెండు మూడు సంస్థల పద్ధతులు నేర్చుకుంటే చాలు, అన్నీ కంఠతా పట్టక్కర్లేదు.

బుక్ క్లబ్ కాపీల గురించి ఒక మాట. సభ్యులకి చవకగా పంపడానికి వేసినవి ఇవి, చూడ్డానికి మొదటి ముద్రణలాగే ఉంటాయి, కాగితం పలచన, సైజు కొంచెం చిన్నది, జాకెట్ లోపలి మడత మీద ధర ఉండదు. ధర ఉన్న మూలని కత్తిరించిన జాకెట్ వేరు, అది బహుమతిగా ఇచ్చేటప్పుడు ఎవరో కత్తిరించి ఉంటారు. కానీ కత్తిరించి ఉంటే అది బుక్ క్లబ్ కాపీ కాదని నిరూపించడం కష్టం, అందుకే దానికీ ధర కొంత తగ్గాలి.

పాతది అంటే విలువైనది అనుకోవద్దు. అమెరికాలో చవక పిల్లల పుస్తకాల సిరీస్ లిటిల్ గోల్డెన్ బుక్స్ 1942లో 25 సెంట్ల ధరతో 12 పుస్తకాలతో మొదలయ్యాయి, ఐదు నెలల్లో 15 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. ఎనభై ఏళ్లు దాటినా వాటి తర్వాతి ముద్రణలు కావలసినన్ని దొరుకుతాయి. వాటిలో ధర పలికేది మొదటి ముద్రణ, అదీ పిల్లల చేతిలో నలగకుండా మిగిలినది. 1940ల చివరి నుంచి దాదాపు 1970 వరకు వచ్చినవాటిలో చివరి పేజీ అడుగున, వెన్ను దగ్గర ఒక చిన్న అక్షరం ఉంటుంది, "ఎ" అయితే మొదటి ముద్రణ. చాలాసార్లు ఆ అక్షరం సగం బైండింగ్ లోపలికి వెళ్లిపోయి ఉంటుంది, ఆ మూలని కాస్త తెరిచి ఫొటో తీయమని అడగాలి.

ఇక కండిషన్. పెద్దల నవలలకి, పిల్లల పుస్తకాలకి తేడా ఇక్కడే వస్తుంది. పిల్లలు పుస్తకాన్ని చదవడమే కాదు, దాని మీద పడుకుంటారు, రంగులు వేస్తారు, ఇష్టమైన బొమ్మ చింపుకుంటారు. అందుకే శుభ్రమైన కాపీ ధరకీ వాడిన కాపీ ధరకీ పదిరెట్ల తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. సెల్లర్లు వాడే మాటల్ని మామూలు అర్థంలో తీసుకోకండి. ఫైన్, నియర్ ఫైన్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అనే వరుసలో "గుడ్" కింది నుంచి మూడోది. పుస్తకాల వ్యాపారంలో గుడ్ అంటే బాగా వాడినది, పేజీలన్నీ ఉన్నాయి అని మాత్రమే. పిల్లల పుస్తకాల్లో ఆ రెండో మాటకి కూడా హామీ లేదు.

పేజీలు, బొమ్మలు అన్నీ ఉన్నాయా అని విడిగా అడగండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన పెద్ద బొమ్మల పుస్తకాల్లో రంగు బొమ్మలు విడిగా అచ్చువేసి అతికించేవారు. ఆర్థర్ రాక్‌హామ్ బొమ్మలతో 1906లో వచ్చిన పీటర్ పాన్ పుస్తకంలో 50 రంగు బొమ్మలుండాలి. వాటిని కోసి ఫ్రేములు కట్టి విడివిడిగా అమ్మడం లాభం కాబట్టి, ఒకటి రెండు తగ్గిన కాపీలు బోలెడు తిరుగుతుంటాయి. నా దగ్గరికి అలాంటిదే ఒకటి వచ్చింది. పైకి చక్కగా ఉంది, బంగారు రంగు అక్షరాలు మెరుస్తున్నాయి. బొమ్మల జాబితా పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ లెక్కపెడితే ఒకటి తగ్గింది. ఆ పేజీ నంబర్ దగ్గర పుస్తకం పూర్తిగా తెరిచి టార్చ్ వేసి చూస్తే, కుట్టు పక్కనే అర అంగుళం కూడా లేని కాగితపు అంచు నిలబడి ఉంది, బ్లేడుతో నున్నగా కోసినట్టు. ఎదుటి పేజీ మీద బొమ్మ ఆకారంలో లేత గోధుమ రంగు నీడ మాత్రం మిగిలింది. ఆ పుస్తకం విలువ ఆ ఒక్క కోతతో సగానికి పైగా పడిపోయింది. ఈసారి సెల్లర్ మర్యాదస్తులు, పూర్తిగా వెనక్కి ఇచ్చారు, వాళ్లూ లెక్కపెట్టలేదట.

ధర తగ్గించే మిగతావి త్వరగా చెప్పేస్తాను. క్రేయాన్ గీతలు, పూర్తిచేసేసిన పజిల్ పేజీలు, వెన్ను వదులైపోవడం, పేజీల మీద గోధుమ రంగు మచ్చలు, పాప్-అప్ పుస్తకాల్లో (తెరిస్తే బొమ్మలు పైకి లేచేవి) విరిగిన మడతలు, బొమ్మని కదిలించడానికి లాగే కాగితపు పట్టీలు లేకపోవడం. బూజు వాసన అన్నిటికంటే చెడ్డది, ఫొటోలో కనిపించదు, పక్క పుస్తకాలకీ అంటుకుంటుంది, అందుకని "వాసన ఏమైనా ఉందా" అని ప్రతి సెల్లర్‌నీ అడుగుతాను. మొదటి పేజీలో పెన్సిల్‌తో ఒక పిల్లవాడి పేరు, తేదీ ఉంటే వ్యాపారులు ధర తగ్గిస్తారు గానీ నాకు మాత్రం అది ఇష్టం, అలాంటివి ఏరికోరి కొంటాను. లైబ్రరీ కాపీ అయితే మామూలుగా మంచి కాపీ ధరలో పదో వంతు, మహా అయితే ఐదో వంతు. దీనికి అందరూ చెప్పే మినహాయింపు 1997 నాటి మొదటి హ్యారీ పాటర్ హార్డ్‌బ్యాక్. మొదటి ముద్రణ దాదాపు 500 కాపీలే, వాటిలో ఎక్కువ భాగం లైబ్రరీలకే వెళ్లాయి, కాబట్టి అక్కడ లైబ్రరీ ముద్ర ఉన్నా పెద్ద ధరే. మీ పుస్తకానికి ఆ లెక్క వర్తించదు.

జాకెట్ ఉందా లేదా అన్నది ఒక్కోసారి పుస్తకం కంటే పెద్ద విషయం. పిల్లలు ముందు పోగొట్టేది జాకెట్‌నే కాబట్టి మిగిలినవి తక్కువ. 1920 తర్వాతి పుస్తకాల్లో మొత్తం ధరలో ముప్పావు వంతు జాకెట్‌దే అయిన సందర్భాలు చాలా చూశాను. అందుకే నకలు జాకెట్లూ తయారవుతాయి. నకలని చెప్పి అమ్మితే తప్పేం లేదు, అలమరలో అందంగా ఉంటుంది, కానీ దానికి విలువ కట్టకూడదు. అనుమానం వస్తే లోపలి వైపు ఫొటో అడగండి. డెబ్బై ఏళ్ల కాగితం లోపలి వైపు తెల్లగా మెరవదు. చేతికి వచ్చాక అల్ట్రావయొలెట్ లైట్ కింద పెట్టి చూడండి. 1950కి ముందు కాగితంలో తెల్లదనం పెంచే రసాయనాలు వాడేవారు కాదు, కాబట్టి 1930ల జాకెట్ ఆ వెలుగులో నీలంగా మెరిసిందంటే అది 1930లది కాదు.

పేరున్న పుస్తక వ్యాపారి దగ్గర ధర ఎక్కువ ఎందుకుంటుంది, కట్టొచ్చా అని కూడా అడిగారు. కట్టొచ్చు, కొన్నిటికి. వాళ్లు ముద్రణ నిర్ధారించి, పేజీలు లెక్కపెట్టి, చెప్పినట్టు లేకపోతే వెనక్కి తీసుకుంటామని మాటిస్తారు. మీకు గుర్తుపట్టడం రాని పుస్తకానికి ఆ హామీ కోసం 30, 40 శాతం ఎక్కువైనా నేను పెడతాను. మీకు బాగా తెలిసిన పుస్తకానికి అక్కర్లేదు. కానీ కొన్న ధరకే తిరిగి అమ్ముకోవచ్చు అనుకోకండి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టే ఉంటుంది, వ్యాపారి మీ దగ్గర కొనేటప్పుడు తను అమ్మే ధరలో మూడో వంతు నుంచి సగం వరకే ఇస్తారు. పుస్తకం అమ్ముడయ్యేదాకా వాళ్ల డబ్బు అందులోనే ఇరుక్కుపోతుంది కాబట్టి ఆ లెక్కలో తప్పు లేదు.

ధరలు నిలకడగా ఉండవన్నది కూడా మనసులో పెట్టుకోండి. దొరకని పుస్తకాన్ని ఎవరైనా మళ్లీ అచ్చువేస్తే చదువుకోవడానికి కొనేవాళ్లంతా కొత్తదానివైపు వెళ్తారు, నలిగిన పాత కాపీల ధర పడిపోతుంది, మంచి మొదటి ముద్రణలు మాత్రం పెద్దగా కదలవు. సినిమా వస్తుందన్న వార్త వస్తే తారుమారు, కొన్ని నెలలు అన్నీ పెరుగుతాయి. అలాంటప్పుడు ఆగండి, ఆగినందుకు నేను ఒక్కసారి కూడా చింతించలేదు.

ఇప్పుడు మీ మూడు లిస్టింగులు. మూడోదాన్ని వదిలేయండి, ఫొటోలు లేకుండా ముప్ఫై రెట్లు అడిగేవాళ్లతో బేరం కూడా దండగ. మీకు కావలసింది ఆ కథ, ఆ బొమ్మలు మళ్లీ చూసుకోవడమే అయితే మొదటిది తీసుకోండి, కాకపోతే పేజీలన్నీ ఉన్నాయని రాతపూర్వకంగా చెప్పించుకోండి, లైబ్రరీ పుస్తకాల్లో బొమ్మల పేజీలు పోవడం మామూలే. దాచుకోవాలని ఉంటే రెండోదాని సెల్లర్‌ని ఈ ఫొటోలు అడగండి: కాపీరైట్ పేజీ, జాకెట్ లోపలి మడతలు రెండూ, జాకెట్ వెనక వైపు, పుస్తకం వెన్ను, మధ్యలో తెరిచిన పేజీ. అవి వచ్చేలోపు అమ్ముడైన కాపీల ధరలు చూసి ఉంచుకోండి. మొదటి ముద్రణ అని తేలి, ఆ ధరలకి పోస్టేజీతో సహా దగ్గరగా ఉంటే అడిగినంత ఇచ్చేయండి, జాకెట్‌తో ఆరు రెట్లు అనేది వినడానికి ఎక్కువ గానీ అసాధ్యమైన ధర కాదు. తర్వాతి ముద్రణ అని తేలితే వాళ్లు అడిగినదానిలో సగానికి ఆఫర్ పెట్టి, కారణం మర్యాదగా రాయండి, జాకెట్ మీద ఏం కనిపించిందో చెప్పండి. కారణం చెప్పి అడిగిన ఆఫర్లకి నాకు సగానికి పైగా ఒప్పుకున్నారు. ఫొటోలు వచ్చాక అర్థం కాకపోతే కాపీరైట్ పేజీలో ఏం రాసుందో, జాకెట్ వెనక చివరి పేరు ఏదో రాయండి, చూసి చెప్తాను.